జోర్డాన్ కుట్టే బట్టలకు ఏ దారి మేలు: క్యూఐజెడ్‌లా, ఎఫ్‌టీఏనా?

జోర్డాన్‌కు చెప్పుకోదగ్గ చమురు లేదు, నీళ్లకు కటకట, ఉన్నది అకాబా ఒక్కటే ఓడరేవు. అలాంటి దేశానికి అమెరికాలో సుంకం లేకుండా బట్టలమ్ముకునే దారులు రెండు దొరికాయి. 1998లో ఇర్బిద్ దగ్గర అల్ హసన్ పారిశ్రామికవాడతో మొదలైన క్యూఐజెడ్‌లు, అంటే ఇజ్రాయెల్ వాటా ఉన్న సరుకుకు అమెరికా సుంకం మాఫీ చేసే ప్రత్యేక పారిశ్రామిక మండళ్లు, ఒకటి. 2001 డిసెంబరులో అమల్లోకి వచ్చిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అంటే ఎఫ్‌టీఏ, రెండోది. అరబ్ దేశంతో అమెరికా చేసుకున్న మొట్టమొదటి ఎఫ్‌టీఏ అది. దేశానికి ఏది మేలంటే నేను ఎఫ్‌టీఏ వైపే.

పెట్టుబడిదారు లెక్క ముందు చూద్దాం. పాలియెస్టర్ టీషర్టు మీద అమెరికా మామూలు సుంకం 32 శాతం, నూలుదైతే 16.5. పది డాలర్ల సరుకు మీద మూడు డాలర్ల ఇరవై సెంట్లు తప్పుతుందంటే ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో అదే తేల్చేస్తుంది. ఆసియా కంపెనీలు జోర్డాన్ దారి పట్టింది అందుకే.

క్యూఐజెడ్‌లో ఆ మినహాయింపుకు షరతుంది. విలువలో 35 శాతం ఈ ప్రాంతంలో చేరాలి. పది డాలర్ల చొక్కాలో కనీసం ఒక డాలరు పదిహేడు సెంట్లు జోర్డాన్‌లో, 80 సెంట్లు ఇజ్రాయెల్ నుంచి రావాలి. 35 శాతంలో మిగతాది ఆ రెండు దేశాలు, వెస్ట్‌బ్యాంక్, గాజా, అమెరికాల్లో ఎక్కడిదైనా సరే. ఆ 80 సెంట్ల కోసం జిప్పులైనా, ప్యాకింగ్ సామానైనా ఇజ్రాయెల్ నుంచి కొనక తప్పదు. పక్కదేశంతో సంబంధాలు బెడిసినా కొనాల్సిందే. తన ఎగుమతి తాళంచెవి ఇంకొకరి చేతిలో ఉండటం చిన్న దేశానికి క్షేమం కాదు.

ఎఫ్‌టీఏలో ఆ బెడద లేదు. కుట్టు జోర్డాన్‌లో జరగాలి, 35 శాతం విలువ అక్కడే చేరాలి. సరుకు మొత్తం విలువలో 15 శాతం దాకా అమెరికా సామానును ఆ 35లో కలుపుకోవచ్చు. గుడ్డ ఆసియా నుంచి తెచ్చుకున్నా అభ్యంతరం లేదు. అయితే సుంకాలు దశలవారీగా తగ్గి, 2010కి గానీ పూర్తిగా పోలేదు. అందాకా వెంటనే సున్నా సుంకమిచ్చే క్యూఐజెడ్‌లే లాభం, ఆ మాట ఒప్పుకోవాలి.

నన్ను ఎఫ్‌టీఏ వైపు తిప్పింది మాత్రం కార్మికుల సంగతి. ఈ ఫ్యాక్టరీల్లో ఎక్కువమంది బంగ్లాదేశ్, శ్రీలంక, భారత్, నేపాల్‌ల నుంచి వచ్చినవాళ్లే. పాస్‌పోర్టులు లాక్కోవడం, జీతాలు ఎగ్గొట్టడం 2006లో బయటపడ్డాయి. ఎఫ్‌టీఏ మూలపాఠంలోనే కార్మిక హక్కుల నిబంధన ఉంది కాబట్టి అమెరికా కార్మిక సంఘాలు దాన్ని పట్టుకుని ఫిర్యాదు చేయగలిగాయి. 2008లో అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), ప్రపంచ బ్యాంకు బృందంలోని ఐఎఫ్‌సీ కలిసి నడిపే బెటర్ వర్క్ ఫ్యాక్టరీ తనిఖీలు మొదలయ్యాయి. 2013లో రెండు ప్రభుత్వాలూ పని, వసతి పరిస్థితుల మీద అమలు ప్రణాళిక ఒప్పుకున్నాయి. వలస కార్మికుల వేతనంలో వసతి, తిండి ఖర్చు కలిపేసే పద్ధతి అప్పటికీ పోలేదు, అది అన్యాయమే.

2016లో యూరప్ మూడో దారి తెరిచింది. కార్మికుల్లో సిరియా శరణార్థులు కనీసం 15 శాతం ఉన్న ఫ్యాక్టరీల సరుకుకు, అది ఏ దేశపుదో తేల్చే నిబంధనల్లో సడలింపు. ఉద్దేశం మంచిదే, వాడుకున్న కంపెనీలు మాత్రం కొద్దే. స్థానికులకు పని దొరికింది వేరే చోట: అజ్లూన్, తఫీలా వైపు ఊళ్లలో పెట్టిన చిన్న కుట్టు యూనిట్లలో. ఇంటికి దూరంగా ఉండలేని జోర్డాన్ ఆడవాళ్లు అక్కడికి వచ్చి పనిచేస్తున్నారు. ఎఫ్‌టీఏ పెట్టుబడికిచ్చే రాయితీలను ప్రభుత్వం అలాంటి యూనిట్లకు ముడిపెట్టాలి.