ఏడేళ్లుగా మా పొయ్యి మీదున్న తాజీన్

మొరాకో రాజధాని రబాత్‌లో కాపురం పెట్టిన కొత్తలో, నది అవతల సలే ఊళ్లో ఊల్జా అనే చోట కుమ్మరుల దగ్గర కొన్నాను ఈ తాజీన్ అనే మట్టి వంటపాత్రని. మెరుపు పూత లేని ఎర్రమట్టి పళ్లెం, మీద గోపురంలాంటి మూత. ఏడేళ్లకి అడుగు నల్లబడింది, లోపలంతా నూనె తాగి నున్నగా అయింది. మొదటి ఏడాది కూరకి ఇప్పటి రుచి లేదు.

తెచ్చిన రోజు రాత్రంతా నీళ్లలో నానేశాను. ఆరాక ఆలివ్ నూనె పట్టించి ఓవెన్‌లో సన్న సెగన రెండు గంటలు ఉంచాను. మనం కొత్త చట్టిలో గంజి కాచినట్టే.

ఇక్కడివాళ్లు మజ్మర్ అనే మట్టి కుంపటిలో బొగ్గుల మీద వండుతారు. నాది గ్యాస్ కాబట్టి మధ్యలో ఇనుప పలక తప్పనిసరి. ఎక్కువగా చేసేది కోడి తాజీన్ (ఇందులో వండిన కూరనీ తాజీన్ అనే అంటారు). అడుగున ఉల్లిపాయలు, పైన కోడి, అల్లం, మిరియాలు, పసుపు, కాస్త కుంకుమపువ్వు, అర గ్లాసు నీళ్లు. అంతే, మూత పెట్టేయాలి. ఆవిరి పైకెళ్లి మూత గోడలకి చెమ్మపట్టి మళ్లీ కూరలోకే జారుతుంది. నేను ఊరికే మూత తీసి చూస్తుంటే పక్కింటి పెద్దావిడ "బిష్వియా, బిష్వియా" అనేది, నెమ్మదిగా అని. గంటన్నరకి ఉల్లిపాయ ఆనవాలు లేకుండా కరిగి, నూనె తేలి, పసుపుపచ్చని గుజ్జు మిగులుతుంది. దాన్ని దగ్మీరా అంటారు. ఈ వంటకి ప్రాణం అదే. ఉప్పులో ఊరిన నిమ్మతొక్క, ఆలివ్‌లు చివరి పావుగంటలోనే వెయ్యాలి. మన నిమ్మకాయ ఊరగాయలోంచి కారం తీసేస్తే వచ్చే వాసన ఆ తొక్కది.

చేపకి వేరే తాజీన్ పెట్టుకోండి, చేప వాసనని మట్టి వదలదు. చేప కింద క్యారెట్ ముక్కలు అడ్డదిడ్డంగా పరిస్తే అడుగంటదు. నా మొదటి చేపల తాజీన్ మాత్రం దక్కలేదు. వేడి మీదున్నప్పుడు చన్నీళ్లు పోశాను, ఫట్‌మని అంచు నుంచి అడుగు దాకా చీలింది. చాలా బాధపడ్డాను. అప్పట్నుంచి వేణ్ణీళ్లే పోస్తున్నాను. తోమడానికి సబ్బు వాడను, మట్టి పీల్చుకుంటుంది.

రంగుల బొమ్మలున్నది ఒకటి ఒక దుకాణంలో "వంటకి పనికొస్తుంది" అంటే నమ్మి తెచ్చాను. అలాంటి పూతల్లో సీసం ఉండే ప్రమాదముందని తర్వాత తెలిసి, పండ్లు పెట్టుకోవడానికి ఉంచాను.

ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు, అరగంటలో వంట ముగించాల్సినవాళ్లు కొనకండి. కొనేవాళ్లు మాత్రం వేలితో కొట్టి చూడండి, ఖంగుమనాలి. మూత పెట్టి తిప్పి చూడండి, ఎక్కడా ఊగకూడదు.