గ్రోసర్స్ కంపెనీనా, ఫిష్‌మాంగర్స్ కంపెనీనా?

లండన్‌లో తిండి వ్యాపారంలోనో, సేవా సంస్థల్లోనో ఉన్న మనవాళ్లు పాత వర్తక సంఘాల వైపు చూస్తే, ఈ రెండింటిలో ఏ తలుపు తట్టాలి అని ఎదురయ్యే ప్రశ్న ఇది.

పుట్టుక: గ్రోసర్స్, 1345లో మిరియాల వర్తకులు పెట్టుకున్న సంఘం. చేపల వర్తకుల సంఘమైన ఫిష్‌మాంగర్స్‌కు రాజు ఇచ్చే అధికార పత్రం (రాయల్ చార్టర్) 1272లోనే వచ్చింది.

వృత్తి: అసలు తేడా ఇక్కడే. ఒకప్పుడు లండన్‌కు చేరే మసాలా దినుసుల్లో కల్తీ ఏరేసే అధికారం గ్రోసర్స్‌ది. మలబారు మిరియాలైనా వాళ్ల జల్లెడ దాటాల్సిందే. ఇప్పుడు ఆ వ్యాపారంతో సంబంధం పేరుకే. ఫిష్‌మాంగర్స్ మాత్రం పని వదల్లేదు. వాళ్ల తనిఖీదారులైన ఫిష్‌మీటర్లు లండన్‌లోని బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్‌లో చేపల నాణ్యతను తనిఖీ చేస్తూ వచ్చారు. నాకు గౌరవం కలిగేది అందుకే.

చదువు: అటు గ్రోసర్స్‌తో ముడిపడిన ఔండిల్ స్కూల్ (స్థాపన 1556), ఇటు ఫిష్‌మాంగర్స్‌తో ముడిపడిన గ్రెషమ్స్ స్కూల్ (1555). రెండూ ఖరీదైన బోర్డింగ్ స్కూళ్లే, బర్సరీ (ఫీజు సాయం) దొరక్కపోతే భారమే.

సభ్యత్వం: రెండు చోట్లా ఓపిక కావాలి. డబ్బు కడితే చాలదు, పరిచయాలూ ఉండాలి.

చేపల వ్యాపారం, మత్స్య పరిశోధన మీ దారి అయితే ఫిష్‌మాంగర్స్‌నే ముందు అడగండి. పేదల కోసం చిన్న ఛారిటీ నడుపుతుంటే గ్రోసర్స్ గ్రాంట్లు చూడండి.