సైన్స్ సార్లకు ట్రైనింగ్: ఫోన్‌ల కోర్సా, ల్యాబ్‌ల ఐదు రోజులా?

పిల్లలు సైన్సు, ఇంజనీరింగ్ దిక్కు పోవాలంటే ముందుగాల టీచర్లకు మంచి ట్రైనింగ్ కావాలె. టీచర్ల కోర్సులు ఫోన్‌ల చూసే సర్కారు యాప్ దీక్ష 2017ల వచ్చింది, ఖర్చు లేదు, భూపాలపల్లి దిక్కు ఊర్లల్ల ఉన్నోళ్లు కూడ బడి ఇడిచిపెట్టకుండ చూసుకోవచ్చు. కానీ నేను రాత్రి వంట చేస్కుంట వీడియో పెట్టిన, క్విజ్ రాసిన, సర్టిఫికెట్ వచ్చింది, క్లాసుల చెప్పే తీరు మాత్రం ఇసుమంత మారలే.

ఓ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌ల ఐదు రోజులు కూసున్నది వేరే. రాగితీగ నేనే చుట్టిన, అయస్కాంతం లోపలికి నెడితె కరెంటు పారుడు చూపెట్టే గాల్వనోమీటర్ ముల్లు ఒకదిక్కు, గుంజితె ఇంకోదిక్కు, జోరుగ ఊపితె ఇంకా ఎక్కువ కదిలింది, ఇన్నేండ్లు బోర్డు మీద బొమ్మేసి చెప్పిన పాఠమే అది! సోమవారం బడిల పిల్లలతోని చేయిస్తె వెనక బెంచి పిల్ల "మేడం, కరెంటు గిట్లనే పుడ్తదా?" అని అడిగింది, చెల్పూరు పవర్ ప్లాంటుల జనరేటర్‌ది కూడ ఇదే సూత్రం బిడ్డా అని చెప్పిన.

ఫోన్ కోర్సు పనికొచ్చేది దారులు చెప్పుడుకు. పది తర్వాత పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ పాలిసెట్ రాసి మూడేండ్ల డిప్లొమా, ఆ తర్వాత డిప్లొమా అయినోళ్లు రాసే ఎంట్రెన్స్ ఈసెట్‌తోని నేరుగ బీటెక్ రెండో సంవత్సరం, లేకపోతే పది మార్కుల మీద బాసర ట్రిపుల్ ఐటీల ఆరేండ్ల కోర్సు, ఇవి టీచర్లల్లనే చానామందికి పూర్తిగ తెల్వవు, వీటికి అరగంట వీడియో చాలు. ప్రయోగాలకు మాత్రం నా ఓటు ల్యాబ్‌కే, ఎండాకాలం సెలవులల్ల పెట్టినా నేను పోత.