నడుం దగ్గర పట్టే చిన్న రివాల్వర్: ఎంత చిన్నదైతే చాలు?

రెండు నెలలుగా నేను వెతుకుతున్నది ఒక్కటే. ఇప్పుడు నా దగ్గరున్న .32 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) రివాల్వర్ కంటే చిన్నది, చొక్కా కింద అస్సలు తెలియనిది. బెంగళూరులో రెండు దుకాణాలు తిరిగాను, లైసెన్స్ ఉన్న మిత్రులవి చేత్తో పట్టి చూశాను, షూటింగ్ రేంజ్‌లో కాల్చి కూడా చూశాను. నాలాగే కొనాలనుకుంటున్నవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అవసరాన్ని బట్టే వస్తువు. మాది మదనపల్లె, ఇక్కడ బెంగళూరు నగరత్‌పేటలో బంగారం పని. నెలకి మూడు నాలుగు సార్లు సరుకుతో ఊరికి వెళ్ళాలి, పలమనేరు వైపు కూడా. అంటే కారులో నాలుగైదు గంటలు కూర్చునే మనిషిని. నిలబడి ఉన్నప్పుడు ఏ తుపాకీ అయినా పర్వాలేదనిపిస్తుంది, సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక అసలు బాధ తెలుస్తుంది, పిడి పక్కటెముకల్లోకి, తూటాలు ఉండే సిలిండర్ తుంటి ఎముక మీదికి. అందుకే చిన్నది కావాలనుకున్నాను.

బయటి దేశాల వీడియోలు చూసి మోసపోవద్దని మొదటే చెప్తా. అక్కడ 2018లో వచ్చిన సిగ్ పీ365 అనే 9 ఎం.ఎం. పిస్టల్ అరచేతిలో పట్టేంత ఉండి మ్యాగజైన్‌లో 10 రౌండ్లు (తూటాలు) పట్టిస్తుంది. కెల్‌టెక్ పీ32 అయితే ఖాళీగా 200 గ్రాములు కూడా తూగదు, మన సెల్‌ఫోన్ అంత. చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ 9 ఎం.ఎం. మన దగ్గర మామూలు లైసెన్స్‌కి రాదు, .38 కూడా అంతే, అవి నిషిద్ధ బోర్లు. ఇక దిగుమతి 1980ల మధ్య నుంచి మామూలు జనానికి మూసేశారు. కాబట్టి మనకి మిగిలింది ఇక్కడ తయారయ్యే .32, .22 లాంటివి, లేదా పాత కాలంలో వచ్చి చేతులు మారుతున్న విదేశీ తుపాకులు.

మన వాటిలో చిన్నతనం కోసమే పేరు పడింది నిర్భీక్. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ తెచ్చింది, టైటానియం మిశ్రమంతో చేశారు, .32, ఆరు రౌండ్లు, బరువు అర కిలో దగ్గర. వచ్చినప్పుడు ధర 1,22,360 రూపాయలు. దానికంటే తేలికది నిడర్, .22 బోర్, ఇషాపూర్‌లో చేసింది, 250 గ్రాములే. 2023 ఆగస్టులో ప్రబల్ వచ్చింది. అది .32లోనే, సిలిండర్ పక్కకి తెరుచుకునే రకం. పాతవాటిలాగా తుపాకీని మధ్యలో మడతలా తెరిచి రౌండ్లు నింపక్కర్లేదు. బ్యారెల్ (గొట్టం) 76 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 18 సెంటీమీటర్లకి కాస్త తక్కువ, బరువు 675 గ్రాముల దగ్గర.

ఈ అంకెలు చదివి నేను దుకాణానికి ఒకే మాట పట్టుకుని వెళ్ళాను, అన్నిటికంటే తేలికది చూపించండి అని. అక్కడ కౌంటర్ వెనక ఉండే పెద్దాయన తెలుగాయనే, హిందూపురం వైపు. నా మాట విని ఏదీ బయటికి తీయలేదు. "నీ చెయ్యి చూపించు నాయనా" అన్నాడు. చెయ్యి చాపితే టేపుతో అరచేతి వెడల్పు కొలిచాడు. "పిడి మీద ఎన్ని వేళ్ళు కూర్చుంటాయో అదీ నీ కొలత. రెండు వేళ్ళే పట్టి మూడోది గాల్లో వేలాడితే ఆ తుపాకీ నీది కాదు" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటీ ఖాళీ చేసి, ఖాళీగా ఉందని నాకు చూపించి, చేతికిచ్చాడు. ఆ దుకాణం గురించి ఇంతకంటే మంచి మాట నేను చెప్పలేను, ఖరీదైనది అంటగట్టే తొందర ఆయనలో లేదు.

ఆయన చెప్పింది ఎంత నిజమో రేంజ్‌కి వెళ్ళాక తెలిసింది. అక్కడ ఒక మిత్రుడి దగ్గర ఉన్న పాత విదేశీ పొట్టి రివాల్వర్ తీసుకున్నాను, నా దానికంటే దాదాపు సగం బరువు, అదే .32 రౌండ్. మొదటి గుండుకే మణికట్టు పైకి లేచింది, రెండోసారి పట్టు సరిచేసుకోకుండా కాల్చలేకపోయాను. ఇందులో మాయ ఏమీ లేదు. తూటా ఎంత ఊపుతో ముందుకెళ్తుందో అంతే ఊపు తుపాకీ వెనక్కి తీసుకుంటుంది, తుపాకీ బరువు సగమైతే అది వెనక్కి వచ్చే వేగం రెట్టింపు, చేతిలో పడే దెబ్బ శక్తి కూడా రెట్టింపు. గ్రాములు తగ్గినందుకు సంతోషపడతాం, ఆ భారమంతా మణికట్టు మోయాలి. 250 గ్రాముల నిడర్‌ని .22లో చేశారంటే కారణం ఇదేనని నాకనిపిస్తుంది, అంత తేలిక శరీరానికి .32 పెడితే పట్టుకోవడం కష్టం.

గురి సంగతి ఇంకో లెక్క. గురి చూసే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య 10 సెంటీమీటర్లు ఉందనుకోండి. చెయ్యి వణికి సైటు ఒక్క మిల్లీమీటర్ పక్కకి పోతే 10 మీటర్ల దూరంలో గుండు 10 సెంటీమీటర్లు తప్పుతుంది. ఆ దూరం 5 సెంటీమీటర్లే అయితే అదే వణుకుకి 20 సెంటీమీటర్లు. బజారులో, మనుషుల మధ్య, ఆ 20 సెంటీమీటర్లలో ఎవరుంటారో ఆలోచించండి. నాకు చిన్న తుపాకీ మీద మోజు పోయింది ఇక్కడే. గుండు తప్పితే అది ఎటు పోయినా బాధ్యత నాదే కదా.

అసలు ఎంత చిన్నగా చెయ్యొచ్చు అంటే, చెయ్యడానికి అడ్డేమీ లేదు. వందేళ్ళ కిందటే ఆస్ట్రియాలో కోలిబ్రి అని 2.7 మిల్లీమీటర్ల పిస్టల్ చేశారు, వేలెడంత. దాని గుండు శక్తి 4 జౌల్స్ దగ్గరే, పిల్లలు ఆడే ఎయిర్‌గన్ స్థాయి. జాన్ బ్రౌనింగ్ 1900ల మొదట్లోనే చొక్కా జేబు కోసం .25 పిస్టల్ రూపొందించాడు, అది కాస్త పనికొచ్చింది. యంత్రం ఇంకా చిన్నదవుతుంది, మనిషి అరచెయ్యి మాత్రం అవ్వదు.

రివాల్వర్‌కి ఇంకో ఇబ్బంది దాని లావు. ఆరు రౌండ్లు గుండ్రంగా నిలబడాలి కాబట్టి సిలిండర్ కొంత వెడల్పుండక తప్పదు, నా దాన్ని కొలిస్తే సుమారు మూడున్నర సెంటీమీటర్లు వచ్చింది. చొక్కా మీద ఉబ్బుగా కనిపించేది ఆ లావే, పొడవు కాదు. బ్యారెల్ ఒక అంగుళం తగ్గినా అది ఎలాగూ ప్యాంటు లోపలికి పోయే ముక్కే, బయట ఉబ్బు తగ్గదు. నేను రెండు నెలలు తప్పు కొలత పట్టుకుని తిరిగాను.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం జనం తిరిగే చోట పిస్టల్ గానీ రివాల్వర్ గానీ తీసుకెళ్తే, దానికోసం చేసిన ఒరలో, ఒంటికి తగిలించి, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉండేలా పెట్టుకోవాలి. ప్యాంటు జేబులో ఊరికే వేసుకోవడం, బయటికి కనిపించేలా మొలలో దోపుకోవడం, పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చడం, ఇవన్నీ తప్పులే. గాల్లోకి కాల్చినందుకు 2019 సవరణ తర్వాత రెండేళ్ళ వరకూ జైలు. జేబుకి పట్టేది కావాలని అడిగేవాళ్ళు ముందు ఇది చదవాలి.

ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి ఇంకో మాట. మావాడికి ఆరేళ్ళు. అరచేతిలో పట్టే తుపాకీ పిల్లాడి కంటికి బొమ్మే. నా రివాల్వర్ అయినా సరే, ఇంటికొచ్చిన ఐదు నిమిషాల్లో ఖాళీ అయి తాళం పెట్టెలోకి పోతుంది, రౌండ్లు వేరే చోట. ఈ అలవాటు లేనివాళ్ళు ఏ సైజుదీ కొనొద్దు, నిజంగా చెప్తున్నా.

చెన్నైలో ఉండేవాళ్ళకి తేలిక మిశ్రమాల వల్ల లాభముంది, అది ఒప్పుకుంటా. మా బావ టి.నగర్‌లో ఉంటాడు, ఏప్రిల్ వస్తే చెమటకి స్టీలు తుపాకీ మీద రెండు రోజుల్లో తుప్పు మచ్చ పడుతుంది, ఆయన రోజూ నూనె గుడ్డతో తుడవాల్సిందే. టైటానియంకి ఆ బెడద లేదు. ఇక్కడ బెంగళూరు వాతావరణంలో అంత టెన్షన్ లేదు.

చివరికి నేను కొత్త తుపాకీ కొనలేదు. పెద్దాయన సలహాతో శివాజీనగర్‌లో తోలు పనిచేసే ఒకాయన దగ్గర నా పాత రివాల్వర్ కొలతకే ఒర కుట్టించుకున్నాను. పిడి కొంచెం ముందుకి వాలి ఉంటుంది, ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోతుంది, సిలిండర్ దగ్గర తోలు పల్చగా చేసి కింద వెడల్పు చేశాడు. దానికి తోడు మందమైన రెండు పొరల బెల్టు. మొన్న మదనపల్లె వెళ్ళొచ్చాను, ములబాగిల్ దాటేదాకా నడుం దగ్గర అది ఉన్న ధ్యాసే రాలేదు. షోరూంలో టీషర్టు మీద లూజు చొక్కా వేసుకుంటే మా పనివాళ్ళు కూడా గమనించలేదు.

ఇంకా కొత్తదే కావాలంటే నా లెక్క ఇది. పిడి మీద మూడు వేళ్ళూ కూర్చోవాలి, బ్యారెల్ మూడంగుళాలకి తగ్గకూడదు, .32 అయితే ఖాళీ బరువు అర కిలోకి తగ్గకూడదు. ఈ కొలతల్లో పడేవి నిర్భీక్, ప్రబల్. నేను రేపు మారిస్తే ప్రబల్ తీసుకుంటా, నిర్భీక్ కంటే బరువు ఎక్కువున్నా సరే, పక్కకి తెరుచుకునే సిలిండర్ కోసం. కొనే ముందు మాత్రం చేత్తో పట్టి, కుదిరితే ఒక పాతిక రౌండ్లు రేంజ్‌లో కాల్చి చూడండి, లైసెన్స్‌లో రాసిన బోర్ ఏదో ఇంకోసారి సరిచూసుకుని వెళ్ళండి.