స్టార్ ట్రాకర్: ఆకాశానికి అనుకూలం, చెట్టుకు పరీక్ష

ట్రైపాడ్‌కూ కెమెరాకూ మధ్య బిగించే ఈ చిన్న మోటారు పరికరాన్ని నేను కొన్నది, వందల ఏళ్లుగా నిలిచి ఉన్న వృక్షాలను పాలపుంత కింద చిత్రించడానికి. భూభ్రమణం వల్ల నక్షత్రాలు గంటకు సుమారు 15 డిగ్రీలు జరిగినట్టు కనబడతాయి. కెమెరాను అదే వేగంతో తిప్పి వాటిని చుక్కలుగా నిలపడం దీని పని. ఆ పనిలో దీనికి వంక పెట్టలేను. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించే పాత లెక్క ప్రకారం 20 మిల్లీమీటర్ల లెన్స్‌కు నక్షత్రాలు గీతలుగా సాగకముందు 25 సెకన్లే గడువు, నేటి సెన్సర్లకు అదీ ఎక్కువే. ట్రాకర్‌తో రెండు నిమిషాలు తీసినా నక్షత్రం గీతగా సాగలేదు.

చిక్కల్లా చెట్టుతోనే. నక్షత్రాలు నిలిచినంతసేపూ చెట్టు అలుక్కుపోతుంది కనుక, మోటారు ఆపి చెట్టును విడిగా తీసి, తరువాత రెండు చిత్రాలనూ కలపాలి. లావుపాటి కాండం మీద కొద్దిపాటి కొమ్మలుండే బావోబాబ్‌కూ, 4,800 ఏళ్లు దాటిన చెట్లున్న బ్రిసల్‌కోన్ పైన్ జాతిలోని మోడువారిన కాండాలకూ ఇది సాధ్యమే. ఆకులు దట్టంగా ఉన్న మర్రి విషయంలో మాత్రం, ఆకుల అంచుల వెంట మిగిలే మసక నీడను తుడవడానికి నాకు చాలా సమయం పట్టింది.

ఇందులో నాకు నిజంగా నచ్చినది సగం వేగపు అమరిక. అందులో చెట్టూ నక్షత్రాలూ చెరి సగం కదులుతాయి. 25 సెకన్ల గడువు 50 అవుతుంది, అంటే ఒకే చిత్రంలో ఒక స్టాప్ వెలుగు, అనగా రెట్టింపు వెలుగు, దక్కుతుంది.

పరికరం అక్షాన్ని ఖగోళ ధ్రువానికి, అంటే ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనబడుతుందో ఆ బిందువుకు, గురిపెట్టడం మరో పరీక్ష. ధ్రువనక్షత్రం అసలు ధ్రువానికి డిగ్రీలో మూడింట రెండు వంతుల దూరంలో ఉంటుంది, పైగా చెట్టు ఉత్తరాన ఉంటే కొమ్మల చాటున దాగిపోతుంది. బావోబాబ్‌లకు పేరుపడ్డ మడగాస్కర్ ఉన్న దక్షిణార్ధగోళంలోనైతే, ఆ పాత్ర వహించే సిగ్మా ఆక్టాంటిస్ అనే నక్షత్రం కంటికి అతి కష్టం మీద ఆనుతుంది. గురి కుదిరాక కూడా నా పరికరంలోని బిగింపు మర బరువైన లెన్స్‌కు జారిపోయి, రెండుసార్లు మళ్లీ మొదటికి తెచ్చింది.

35 మిల్లీమీటర్లు, అంతకు పైబడిన లెన్సులు వాడేవారు దీన్ని కొనవచ్చు. అంతకన్నా వెడల్పు లెన్స్‌తో చెట్టుకే ప్రాధాన్యమిచ్చేవారు, 16 పొట్టి ఎక్స్‌పోజర్లు తీసి, సాఫ్ట్‌వేర్‌లో నక్షత్రాలు ఒకదానిపై ఒకటి వచ్చేలా పేర్చి సగటు కడితే నాయిస్ (చిత్రంలో కనబడే గరుకు చుక్కలు) నాలుగో వంతుకు తగ్గుతుంది. దానికి ట్రైపాడ్ ఒక్కటి చాలు.