శుక్రవారమా, శనివారమా, ఆదివారమా: పనిచేసేవాడికి ఏది మేలు?

మహబూబ్‌నగర్‌లో ఇల్లు కట్టించుకునేటప్పుడు వారాల లెక్క నాకు బాగా అర్థమైంది. మా తాపీ మేస్త్రీ క్రైస్తవుడు, ఆదివారం పొద్దున చర్చికి పోవాలి. రాడ్ బెండర్ భాయ్ శుక్రవారం మధ్యాహ్నం జుమ్మాకు పోవాలి. ఒకరోజు టీ తాగుతూ మేస్త్రీ అడిగాడు: "సార్, మాది ఆదివారం, భాయ్‌ది శుక్రవారం. బైబిల్ల చూస్తే శనివారం అని ఉంటది. ఏది మేలంటరు?"

అప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. తర్వాత చదివాను.

యూదుల విశ్రాంతి దినం, అంటే సబ్బాతు, శుక్రవారం పొద్దుగూకడంతో మొదలై, శనివారం రాత్రి మూడు చుక్కలు పొడిచేదాకా ఉంటుంది. పొద్దు ఉండగానే ఇంట్లో దీపాలు వెలిగిస్తారు. ఆ తర్వాత నిప్పు ముట్టించకూడదు, ఆర్పకూడదు. ముందే పొయ్యి మీదికి ఎక్కించిన మాంసం, గింజల కూర సన్నని సెగ మీద రాత్రంతా ఉడికి, మర్నాడు మధ్యాహ్నం వేడివేడిగా కంచంలోకి వస్తుంది. చేయకూడని పనులను వాళ్ల పండితులు 39 రకాలుగా లెక్కగట్టారు. దున్నడం, విత్తడం, కోయడం, పనలు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, విసరడం, జల్లించడం, పిండి పిసకడం, కాల్చడం... ఈ వరస చదువుతుంటే మన జొన్నచేను నుంచి రొట్టె దాకా అంతా కళ్ల ముందు కనబడింది. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఏ నియమమూ అడ్డు రాదు.

ఈ ఆజ్ఞకు బైబిల్లో రెండు కారణాలున్నాయి. నిర్గమకాండంలో, దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేసి ఏడో రోజు విశ్రమించాడని. ద్వితీయోపదేశకాండంలో, మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) దాసులుగా బతికారు, అది గుర్తుపెట్టుకోండని. అందుకే ఆ రోజు దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు, ఊళ్లో ఉన్న పరదేశికి కూడా విశ్రాంతి ఇవ్వాలి. ఇది చదివి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. మా తాత దొర దగ్గర జీతమున్నవాడు. వారంలో ఒక రోజు తనదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కొంకణ తీరంలో గానుగ ఆడించి బతికిన బెనె ఇజ్రాయెల్ యూదులను పక్కవాళ్లు 'శనివార్ తేలీ' అని పిలిచేవారు, శనివారం గానుగ ఆపేవారు కనుక. మతం కన్నా ముందు ఆ సెలవే ఊరికి కనబడింది.

ఆదివారం సంగతి వేరు. యేసు యూదుడు, సబ్బాతున యూదుల ప్రార్థన మందిరానికి పోయినవాడే. అయితే ఆ రోజు మనిషి కోసం ఏర్పడింది, మనిషి దానికోసం పుట్టలేదన్నాడు. ఆయన తిరిగి లేచింది వారం మొదటి రోజున అని క్రైస్తవుల నమ్మకం, అందుకే ఆరాధన ఆదివారానికి మారింది. 321లో రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పట్టణాల్లో ఆదివారం పనులు ఆపమని శాసనం చేశాడు, వ్యవసాయానికి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. శనివారాన్నే పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవులు ఇప్పటికీ ఉన్నారు. స్లాబ్ వేసిన మర్నాడు ఆదివారమైంది. మా మేస్త్రీ చర్చి అయ్యాక ఇస్త్రీ చొక్కాతోనే వచ్చి, పైపు పట్టి స్లాబ్ అంతా తడిపాడు. "విశ్రాంతి దినాన ఎద్దు బాయిల పడితే తియ్యరా సార్?" అన్నాడు. అది యేసు అడిగిన ప్రశ్నే.

జుమ్మాలో అసలు సెలవు అనే మాటే లేదు. ఖురాన్‌లో 62వ సూరా (అధ్యాయం) చెప్పేది ఇది: పిలుపు వినగానే వ్యాపారం వదిలి రండి, నమాజు అయ్యాక భూమి మీద విస్తరించి దేవుడి అనుగ్రహాన్ని వెతుక్కోండి. ఆరు దినాల సృష్టిని ఖురాన్ కూడా చెబుతుంది, కానీ దేవుడికి అలసట అంటలేదంటుంది. దేవుడు విశ్రమించడమన్నది లేదు కనుక విశ్రాంతి దినమూ లేదు. శుక్రవారం పన్నెండు దాటితే భాయ్ "ఇప్పుడు మాలు కలపకండి" అని కేకేసేవాడు. నీళ్ల డ్రమ్ము దగ్గర మోచేతుల దాకా సిమెంటు కడుక్కుని, టోపీ పెట్టుకుని పోయేవాడు. రెండున్నరకల్లా మళ్లీ కడ్డీలు వంచుతుండేవాడు. నిజాం కాలంలో మన దగ్గర బడులకూ ఆఫీసులకూ సెలవు శుక్రవారమే. అంటే సెలవును ప్రభుత్వం పెట్టింది, జుమ్మా ధర్మం అడిగింది ఆ కాసేపే.

నాకు తోచింది చెబుతాను. పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీకి జుమ్మా పద్ధతి మేలు. ప్రార్థన దక్కుతుంది, ఆ రోజు కూలి పోదు. అడ్వాన్స్ తీసుకుని ఇటుక బట్టీకి పోయిన పాలమూరు కుటుంబానికి, షాపులో నెల జీతం మీద ఉన్న పిల్లవాడికి సబ్బాతు మేలు, ఎందుకంటే ఆ ఆజ్ఞ యజమానిని కట్టడి చేస్తుంది. ఆదివారం గుణం ఒకటే, బడికీ ఆఫీసుకూ అదే సెలవు కనుక ఇంటిల్లిపాదీ ఒకచోట ఉంటారు. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే సబ్బాతు వైపే నిలబడతాను, మా తాత కోసం.

కూలి డబ్బుల దగ్గర మూడు మతాలదీ ఒకే మాట. పొద్దుగూకకముందే ఇవ్వమంది యూదుల ధర్మశాస్త్రం. పట్టి ఉంచిన కూలి మొరపెడుతుందని రాశాడు కొత్త నిబంధనలో యాకోబు. చెమట ఆరకముందే ఇవ్వమంది ముహమ్మద్ ప్రవక్త మాటగా చెప్పే హదీసు.

ఒక శనివారం సాయంత్రం వెలుగుండగానే అందరి లెక్క చూసి, ఆదివారానికి కూడా ఒక కూలి కలిపి ఇచ్చాను. భాయ్ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, "ఎక్కువొచ్చింది సార్" అని ఒక నోటు వెనక్కి చాపాడు.