ఆబ్సల్యూట్ రిటర్నా, ఎక్స్‌ఐఆర్‌ఆరా?

మ్యూచువల్ ఫండ్ యాప్ తెరిస్తే ఒకే ఫండ్ పక్కన రెండు అంకెలు కనిపిస్తాయి: 6.74%, 12.7%. రెండూ తప్పు కాదు. అవి జవాబు చెప్పే ప్రశ్నలే వేరు.

మొదటిది ఆబ్సల్యూట్ రిటర్న్. పెట్టినదెంత, పెరిగిందెంత, అంతే. తేదీలతో దానికి పని లేదు. లక్ష రెండు లక్షలైతే 100% అంటుంది, రెండేళ్లు పట్టినా పదిహేనేళ్లు పట్టినా.

రెండోది ఎక్స్‌ఐఆర్‌ఆర్ (XIRR), అంటే డబ్బు ఏడాదికి ఎంత శాతం చొప్పున పెరిగిందో చెప్పే రేటు. ఇది ప్రతి రూపాయినీ అది వెళ్లిన తేదీతో కలిపి చూస్తుంది. నెలకు 10,000 చొప్పున 12 నెలలు సిప్ కట్టారనుకోండి. మొత్తం 1,20,000. ఏడాది చివర విలువ 1,28,093. లాభం 8,093, అంటే 6.74 శాతమే. కానీ మొదటి వాయిదా ఏడాదంతా పనిచేసింది, చివరిది ఒక్క నెలే. అందుకే వార్షిక రేటు సుమారు 12.7% వస్తుంది. ఎక్సెల్‌లో XIRR ఫంక్షన్‌తో మీరే చూసుకోవచ్చు: ఒక వరుసలో తేదీలు, పక్క వరుసలో కట్టినవి మైనస్ గుర్తుతో, ఇవాళ్టి విలువ ప్లస్‌తో.

సిప్‌కి నేనైతే ఎక్స్‌ఐఆర్‌ఆర్‌నే నమ్ముతాను. కాకపోతే ఏడాది నిండని పెట్టుబడికి దాన్ని అస్సలు పట్టించుకోను. 30 రోజుల్లో 3% పెరిగితే చాలు, 43% అని చూపించి మురిపిస్తుంది! ఆ ఊపు ఏడాదంతా ఉంటుందని ఎవరు చెప్పొచ్చారు? అక్కడ ఆబ్సల్యూటే నిజాయితీపరురాలు.

ఇంకోటి, డివిడెండ్ బ్యాంకులో పడి యాప్‌లో నమోదు కాకపోతే రెండు అంకెలూ తక్కువే చూపిస్తాయి.